నెల్లూరు, ప్రకాశం ఎలక్ట్రిక్ కారు ఓనర్లు ఒకసారి ఇటు రండి: ఇంటి ఛార్జింగ్, హైవే, మెట్ట ఊళ్ల ప్రయాణం

కోవూరు శీను
అందరికీ నమస్కారం. ఉండేది కోవూరు, ఉద్యోగం కృష్ణపట్నం పోర్టు దగ్గర. రోజూ పోనూ రానూ 70 కిలోమీటర్ల దాకా అవుతుంది. ఇప్పుడున్న పెట్రోలు కారు లీటరుకు 16 ఇస్తోంది. మన రాష్ట్రంలో పెట్రోలు రేటు సంగతి నేను చెప్పక్కర్లేదు. అందుకని ఎలక్ట్రిక్ తీసుకుందామని ఇంట్లో ఒకటే చర్చ. ఇల్లు అద్దెది, కింద ఓనరు గారు, పైన మేము. అత్తగారిది ఒంగోలు, దారంతా హైవేనే కాబట్టి దానికి భయం లేదు. మా సొంతూరు మాత్రం ఉదయగిరి అవతల, అమ్మానాన్న అక్కడే ఉంటారు. ఆ దారిలో ఛార్జింగ్ ఎట్టా అన్నదే టెన్షన్. షోరూం మాటలు చాలా విన్నా, వాడుతున్నోళ్లు చెప్పండి.

గూడూరు నిమ్మతోట
శీనూ, రోజుకి 70 అంటే ఏ ఎలక్ట్రిక్ కారైనా నవ్వుతా పోతుంది. నాది టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్, 40.5 యూనిట్ల బ్యాటరీ. కంపెనీ కాగితం మీద 465 కిలోమీటర్లని ఉంటుంది, ఆ అంకె మర్చిపో. ఏసీ వేసుకుని హైవే మీద 85, 90లో పోతే 250 దాకా వస్తుంది. 110 తొక్కావంటే 200 కూడా కష్టమే. వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగింతలవుతుంది, అందుకే మీటరు మీద శాతం అంత గబగబా పడిపోయేది. మే, జూన్‌లో పడమటి గాలి కొట్టే రోజుల్లో ఇంకొంచెం తగ్గించుకుని లెక్కేసుకో.

సరుకు పని మీద నేను చెన్నై పోతా ఉంటా. ఇదివరకు తిరిగొచ్చేటప్పుడు ఆరంబాక్కంలో బండి ఆపి, తమిళనాడు రేటుకి ట్యాంకు నిండా పోయించుకుని తడ దాటేవాణ్ణి. ఇప్పుడా పని లేదు. అక్కడ లీటరుకి మిగిలే ఏడెనిమిది రూపాయల కోసం ఎంత ప్లాను వేసేవాళ్లమో తలుచుకుంటే నవ్వొస్తుంది.

చీమకుర్తి గ్రానైట్
అందరూ పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు చిన్న పెట్రోలు కార్లు 18 శాతంలోకి దిగాయి. ఎలక్ట్రిక్‌కి 2019 నుంచీ 5 శాతమే, అందులో తగ్గడానికి ఏమీ లేదు. అంటే రెండింటి ధరలో తేడా ఇంకా పెరిగింది. ఆ తేడా డబ్బు బ్యాంకులో వేసుకుంటే వడ్డీతో పెట్రోలు పోయించుకోవచ్చు కదా. పైగా ఎనిమిదేళ్ల తర్వాత బ్యాటరీ పోతే ఎవడు కొంటాడు?

ఒంగోలు లెక్కల మాస్టారు
గ్రానైట్ గారి మాటలో సగం నిజముంది. ఆ సగం ఎవరికి వర్తిస్తుందో లెక్క చూద్దాం.

శీను గారు నెలకి 25 రోజులు తిరిగితే 1,750 కిలోమీటర్లు. లీటరుకు 16 చొప్పున 109 లీటర్లు, లీటరు 109 రూపాయలనుకుంటే దాదాపు 11,900. అదే దూరానికి ఎలక్ట్రిక్ కారు, గోడ ప్లగ్గు దగ్గర కొలిస్తే, యూనిట్‌కి 7 కిలోమీటర్ల లెక్కన 250 యూనిట్లు తీసుకుంటుంది. కారు తెర మీద ఇంతకంటే మంచి అంకె కనిపిస్తుంది కానీ ఛార్జింగ్‌లో పోయే నష్టాన్ని అది చూపించదు. మీరు బిల్లు కట్టేది మీటరు చూసి, తెర చూసి కాదు.

ఇంటికి ఇప్పటికే 150 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. కారువి ఆ పైన చేరతాయి, కాబట్టి అవి పై శ్లాబుల్లో పడతాయి. 225 దాకా 6 రూపాయలు, అక్కడి నుంచి 400 దాకా 8.75. మొత్తం కలిపితే కారుకి 2,000 లోపు, సర్దుబాటు ఛార్జీలు (కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగితే తర్వాత బిల్లులో కలిపేవి) అదనం. 400 దాటితే 9.75, అది గుర్తుంచుకోండి. మిగిలేది నెలకి తొమ్మిది వేల పైమాటే. ధరలో తేడా మూడు లక్షలున్నా మూడేళ్ల లోపు తిరిగొస్తుంది.

ఇక నెలకి 400 కిలోమీటర్లు తిరిగే మా పక్కింటి ఆయన అడిగితే మాత్రం వద్దనే చెప్పా. ఆయనకి నెలకి మిగిలేది రెండువేల చిల్లర. ఆ మూడు లక్షలు రావడానికి పదేళ్లు పడుతుంది. గ్రానైట్ గారూ, ఆయన విషయంలో మీ మాటే రైటు.

చీమకుర్తి గ్రానైట్
మాస్టారూ, ఒప్పుకున్నారు, సంతోషం. సర్దుబాటు ఛార్జీలు "అదనం" అని ఒక్క ముక్కలో దాటేశారు చూడండి, అక్కడే ఉంది అసలు కథ. ఏ ప్రభుత్వం వచ్చినా

మోడరేటర్
గ్రానైట్ గారి పోస్టులో మిగతా భాగం తీసేశాం. కరెంటు ఛార్జీల రాజకీయానికి వేరే చర్చ ఉంది, అక్కడ రాసుకోండి. ఇక్కడ కార్ల గురించే.

కందుకూరు కుర్రోడు
ఎలక్ట్రిక్ కారు లోను వడ్డీ మీద లక్షన్నర దాకా ఇన్‌కం ట్యాక్స్ మినహాయింపు ఉందట కదా? మా షోరూంలో చెప్పారు. అది కూడా లెక్కలో వేసుకోండి మాస్టారూ.

ఒంగోలు లెక్కల మాస్టారు
లేదు బాబూ. అది 80ఈఈబీ సెక్షన్. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకే. ఇప్పుడు తీసుకునే లోనుకి వర్తించదు. ఇంకా ఆ మాట చెప్పి అమ్మేవాళ్లున్నారంటే ఆశ్చర్యమే.

ఇన్సూరెన్స్‌లోనూ ఒక మెలిక ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియంలో ఎలక్ట్రిక్‌కి 15 శాతం తగ్గింపు ఉన్న మాట నిజం. కానీ పెట్రోలు కారుకి ఇంజిన్ సీసీ చూస్తారు, దీనికి మోటారు కిలోవాట్లు చూస్తారు. 30 లోపు, 30 నుంచి 65, 65 పైన అని మూడు శ్లాబులు. నెక్సాన్ 40.5 లాంటి వాటి మోటారు వంద కిలోవాట్లు దాటుతుంది, నేరుగా పై శ్లాబు. తగ్గింపు పోనూ చిన్న పెట్రోలు కారు కంటే ఎక్కువే కట్టాలి.

వేదాయపాళెం వైరింగ్
శీను అన్నా, కారు సంగతి తర్వాత, ముందు ఇంటి ఎర్తింగ్ చూపించుకో. నేను ఈ పని మీదే బతుకుతున్నా కాబట్టి చెప్తున్నా. కొత్త కారు తెచ్చుకుని, దండేసి, కొబ్బరికాయ కొట్టి, రాత్రి ప్లగ్గు పెడితే ఛార్జరు మీద ఎర్ర లైటు. అప్పుడు ఫోను చేస్తారు. మన దగ్గర పాత ఇళ్లల్లో సగానికి ఎర్తు అన్నది పేరుకే. తీగ ఉంటుంది, కింద గుంతలో పైపు తుప్పు పట్టి తెగిపోయి ఉంటుంది. ఫ్రిజ్జు, మిక్సీ దాన్ని పట్టించుకోవు. కారు ఛార్జరు ముందు ఎర్తు చూసుకుని, బాగలేకపోతే కరెంటు తీసుకోనే తీసుకోదు.

మల్టీమీటరుతో న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య ఓల్టేజీ చూడాలి, సున్నాకి దగ్గరగా ఉండాలి. పదీ పదిహేనూ చూపిస్తుంటే కొత్త గుంత తవ్వాల్సిందే. ఎనిమిది పదడుగుల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, రాళ్ల ఉప్పు వరసలుగా పోసి, పైన మూత పెట్టాలి. ఎండాకాలం వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయాలి. నేల ఎండిందంటే ఎర్తు పోయినట్టే.

తర్వాత సాకెట్టు. ఏసీకి పెట్టే 15 ఆంపుల సాకెట్టులోనే పెట్టుకోవచ్చు అంటారు. పెట్టుకోవచ్చు, కానీ ఏసీ మధ్యమధ్యలో ఆగుతుంది, కారు అట్టా ఆగదు, గంటల తరబడి లాగుతానే ఉంటుంది. చౌక సాకెట్టు అయితే ప్లగ్గు పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, తర్వాత కరిగిపోతుంది. ఇండస్ట్రియల్ సాకెట్టు పెట్టి, 4 ఎంఎం రాగి తీగ మీటరు దగ్గర్నుంచి విడిగా లాగి, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది), కరెంటు లీకైతే వెంటనే ఆపే ఒక 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. ఈ ఖర్చు దగ్గర మాత్రం బేరాలాడొద్దు.

మార్కాపురం పలక
వైరింగ్ అన్న చెప్పింది మీ రేగడి నేలల్లో సులభం. మా వైపు రెండడుగులు తవ్వితే పలక రాయి. ఎనిమిదడుగుల పైపు దింపాలంటే బోరు లారీని పిలవాలి. మా ఇంట్లో చివరికి వాడకంలో లేని పాత బోరు ఇనుప కేసింగుకే ఎర్తు తీగ కట్టించాం, రీడింగు సరిగ్గా వచ్చింది. మీ ఇంట్లో అట్టాంటిది ఉంటే ఎలక్ట్రీషియన్‌కి చూపించి అడగండి.

వేదాయపాళెం వైరింగ్
పలక గారూ, ఇనుప కేసింగ్ అయితే బ్రహ్మాండం. ప్లాస్టిక్ కేసింగ్ ఉన్నోళ్లు ఇది చదివి కట్టేస్తారేమో, అందుకే మళ్లీ చెప్తున్నా: ఇనుపదైతేనే.

మాగుంట లేఅవుట్ వాణి
మాది అపార్ట్‌మెంట్. కమిటీ వాళ్లు "అగ్ని ప్రమాదం" అని ఒకసారి, "అందరూ అడుగుతారు" అని ఇంకోసారి అడ్డు చెప్పారు. ఇంట్లో, ఆఫీసులో ఉన్న కనెక్షన్ నుంచే కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో రాసి ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి మీటింగులో పెట్టాను. నేను అడిగింది కామన్ కరెంటు కాదు, నా ఫ్లాట్ మీటరు నుంచే పార్కింగ్ దాకా తీగ లాగుకుంటానన్నాను. చివరికి ఒప్పుకున్నారు. ఇప్పుడు అప్పట్లో గట్టిగా అడ్డం చెప్పినాయనే "అమ్మా, మీ ఎలక్ట్రీషియన్ నంబరు ఇస్తారా" అంటున్నారు.

వేరే మీటరు కావాలనుకుంటే ఎలక్ట్రిక్ వాహనాలకి విడిగా ఒక కేటగిరీ ఉంది, యూనిట్ ఏడు రూపాయల లోపే. ఇంటి వాడకం ఎక్కువున్నవాళ్లకి, అంటే రెండు ఏసీలు తిరిగే ఇళ్లకి, అది లాభం. మాది తక్కువ వాడకం, నాకు అవసరం పడలేదు. నెల్లూరు వాళ్లకి తిరుపతి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), ప్రకాశం వాళ్లకి విజయవాడ డిస్కం, దరఖాస్తు ఎవరి దగ్గర వాళ్లే పెట్టుకోవాలి.

కందుకూరు కుర్రోడు
అక్కా, వానాకాలం సంగతి చెప్పండి. మా నాన్న ఒకే మాట మీద ఉన్నారు, "నీళ్లల్లో కరెంటు బండి ఏందిరా" అని.

మాగుంట లేఅవుట్ వాణి
బ్యాటరీ పెట్టెకి ఐపీ67 అని ఉంటుంది. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చుక్క పోకూడదని పరీక్ష. అంతమాత్రాన అండర్ బ్రిడ్జిలో దూకమని కాదు. మా లేఅవుట్ రైలు అండర్ బ్రిడ్జి గట్టి వాన పడితే ఎట్టా ఉంటుందో నెల్లూరోళ్లందరికీ తెలుసు. పెట్రోలు కారైతే సైలెన్సర్లో నీళ్లు పోయి మధ్యలో ఆగుతుంది, దీనికి ఆ గొడవ లేదు. అయితే లోపల సీట్లు, కార్పెట్లు, తలుపుల వైరింగు తడిస్తే ఏ కారైనా ఒకటే. నేను మాత్రం చుట్టూ తిరిగే పోతాను. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు నీళ్ల వల్ల బ్యాటరీ, మోటారు పాడైతే వర్తిస్తుందా అని అడిగి, రాతలో చూసుకోండి. ఛార్జరుకి కూడా కవరు ఉండాలి.

అల్లూరు ఆక్వా
తుపాను మాట వచ్చింది కాబట్టి. 2025 అక్టోబరులో మొంథా వస్తోందని చెప్పగానే నేను చేసిన మొదటి పని కారు వంద శాతం ఛార్జ్ పెట్టడం. నా కారులో వీ2ఎల్ ఉంది, అంటే కారు నుంచి కరెంటు బయటికి తీసుకోవచ్చు, 3.3 కిలోవాట్ల దాకా. కరెంటు పోయాక కారు పోర్టులో అడాప్టరు గుచ్చి, దాన్నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వరండా కిటికీలోంచి లోపలికి లాగాం. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, అందరి ఫోన్లు, పొద్దున పచ్చడికి మిక్సీ. రాత్రంతా నడిపినా బ్యాటరీలో పది శాతం కూడా పోలేదు. మా వీధిలో వాళ్లంతా ఫోన్లు తెచ్చి మా వరండాలో వరసగా పెట్టారు.

ఎవరైనా అడిగే లోపు నేనే చెప్తా: చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకి ఇది పనికిరాదు. వాటికి త్రీ ఫేజ్ కావాలి, కారు ఇచ్చేది సింగిల్ ఫేజ్. రొయ్యలకి డీజిల్ జనరేటరే గతి.

చీమకుర్తి గ్రానైట్
ఆక్వా గారూ, అడగబోయింది అదే. బాగా చెప్పారు. నా బ్యాటరీ ప్రశ్నకి మాత్రం ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

గూడూరు నిమ్మతోట
చాలా కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తున్నాయి. ఆ గడువు దాటిన రోజున బ్యాటరీ ఠక్కున చచ్చిపోదు, కొంచెం కొంచెంగా నిలవ తగ్గుతుంది. 250 వచ్చేది 200 వస్తుంది. శీను లాంటోడికి ఆ 200 కూడా రెండు రోజులకి సరిపోద్ది. అమ్మకం రేటు విషయంలో మీరన్నది నిజమే, పాత ఎలక్ట్రిక్ కారుకి మన దగ్గర పెట్రోలు కారంత గిరాకీ లేదు. అందుకే ఐదేళ్లకోసారి కార్లు మార్చే అలవాటున్నోళ్లు దీని జోలికి రావొద్దంటా.

ఇంకో మాట. టాటా వాటిల్లో ఎల్‌ఎఫ్‌పీ రకం (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఉంటుంది. "ఎప్పుడూ 80 దాటనివ్వొద్దు" అని ఫోన్లకి చెప్పే సలహా దీనికి అట్టాగే తగిలించొద్దు. ఈ రకంలో ఓల్టేజీ మధ్యలో దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే అప్పుడప్పుడూ వందకి నింపితే తప్ప, ఎంత మిగిలిందో కారుకే సరిగ్గా అంచనా చిక్కదు. మాన్యువల్లో ఎన్నాళ్లకోసారి నింపమన్నారో చూసి అట్టా చేయండి.

కందుకూరు కుర్రోడు
మా బాబాయి కారుకి జరిగింది చెప్తా. తెర మీద బ్యాటరీ నిండా ఉందని రాత్రి చూసి పడుకున్నారు. తెల్లారి తాళం కూడా తెరుచుకోలేదు. ఎంత పెద్ద బ్యాటరీ ఉంటే ఏం లాభం అని అందరం తలలు పట్టుకున్నాం.

వేదాయపాళెం వైరింగ్
12 ఓల్టుల చిన్న బ్యాటరీ పోయుంటుంది. ఎలక్ట్రిక్ కారులోనూ అది ఉంటుంది తమ్ముడూ. తాళాలు, తెర, పెద్ద బ్యాటరీని కలిపే రిలే, అన్నీ దాని మీదే లేస్తాయి. అది చచ్చిందంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. ఇంకో బండి నుంచి జంపర్ వైర్లు పెడితే లేస్తుంది. కారు రిమోట్ లోపల దాచిన ఇనుప తాళంచెవి ఉంటుంది, తలుపు దాంతో తీయాలి. మీ బాబాయికి మూడు నాలుగేళ్లయితే ఆ చిన్న బ్యాటరీ మార్పించమను.

టంగుటూరు టోల్‌గేట్
హైవే వాళ్లకి నా అనుభవం. తడ నుంచి మేదరమెట్ల దాకా ఎన్‌హెచ్16 మీద ఫాస్ట్ ఛార్జర్లకి కరువు లేదు. ఉన్నది పని చేస్తుందా అన్నదే ప్రశ్న. యాప్‌లో పచ్చగా చూపిస్తుంది, తీరా పోతే గన్ను పట్టుకోదు, లేదా అదే సమయానికి కరెంటు ఉండదు. ఒక కంపెనీ వాలెట్‌లో వేసిన డబ్బు ఛార్జింగ్ మొదలవకుండానే కోసుకుని, వెనక్కివ్వడానికి నన్ను వారాల తరబడి తిప్పింది. కాబట్టి రెండు మూడు యాప్‌లు ఉంచుకోండి, వాలెట్‌లో ఎక్కువ వేయొద్దు. బ్యాటరీ 25 శాతం దగ్గరే మొదటి ప్రయత్నం చేయండి. అక్కడ కుదరకపోతే తర్వాతి దానికి పోయే ఓపిక ఉంటుంది. యూనిట్ 20 రూపాయలు అటూ ఇటూ ఉంటుంది, పైన 18 శాతం జీఎస్టీ. అయినా కిలోమీటరుకి 4 రూపాయలే, పెట్రోలు కంటే తక్కువ.

80 దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. వెనక ఎవరైనా కాచుకుని ఉంటే 80కి తీసేయడం మర్యాద. మొన్నొకాయన 97 దగ్గర కూర్చుని, వందైతే గానీ కదలనన్నాడు.

మార్కాపురం పలక
మీకేం, హైవే వాళ్లు. మా పొదిలి, కనిగిరి, దోర్నాల వైపు వచ్చి చెప్పండి కబుర్లు. శ్రీశైలం మాకు దగ్గర కాబట్టి నేను తరచూ పోతా. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే శాతం చకచకా పడిపోతుంది. చూసి కంగారు పడొద్దు, దిగేటప్పుడు బండి వేగాన్నే కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపే రీజెన్‌లో కొంత వెనక్కొస్తుంది. రీజెన్ ఎక్కువలో పెడితే బ్రేకు మీద కాలు పెట్టే పనే పెద్దగా ఉండదు. అయితే బ్యాటరీ వంద శాతం ఉన్నప్పుడు రీజెన్ సరిగ్గా పట్టదు, నింపుకోవడానికి లోపల చోటుండదు కదా. కొండ మీద రాత్రంతా నింపుకుని పొద్దున దిగేవాళ్లు 85, 90 దగ్గర ఆపేయండి. రాత్రి పూట అడవి గేటు మూసేస్తారు, ఛార్జింగ్ కోసం ఆలస్యం చేసుకుంటే దోర్నాలలో పడుకోవాల్సిందే.

కోవూరు శీను
అందరికీ చాలా థాంక్స్. పలక అన్నా, మీరే సరైన మనిషి, ఉదయగిరి వైపు ఎట్టా పోవాలో చెప్పండి. కోవూరు నుంచి ఆత్మకూరు మీదుగా మా ఊరికి 110 దాకా ఉంటుంది.

మార్కాపురం పలక
పోను 110, రాను 110. ఆ రోడ్డు మీద ఎవరూ 110 తొక్కరు కాబట్టి 40 యూనిట్ల బ్యాటరీతో ఒక్క ఛార్జింగ్‌లో పోయి రావచ్చు, కానీ చివర్లో తెర వంకే చూస్తా కూర్చోవాలి. 24, 25 యూనిట్ల చిన్న కారైతే ఊళ్లో నింపుకోక తప్పదు. కారు ఎంచుకునేటప్పుడు పోర్టు ఉద్యోగం కాదు, ఈ ఊరి దారే చూసుకో శీనూ. మెట్ట ఊళ్లకి బంకు, యాప్ ఏవీ నమ్ముకోవద్దు. మీ నాన్న గారింట్లో ఒక మంచి సాకెట్టు, ఒక ఎర్తు గుంత, అదే నీ ఛార్జింగ్ స్టేషన్. ఎట్టాగూ రాత్రి ఉంటావు కదా. పగలు పొలం మోటార్లు ఆడేటప్పుడు ఓల్టేజీ పడితే ఛార్జరు మధ్యలో ఆగిపోతుంది, రాత్రి భోజనాలయ్యాక పెట్టుకో. సొంతిల్లే కాబట్టి వీలైతే పైన సోలార్ వేయించు. మూడు కిలోవాట్లకి కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తోంది, రోజుకి 12 యూనిట్ల దాకా వస్తాయి. నువ్వు లేనప్పుడు వచ్చింది నెట్ మీటరులో లెక్కకి చేరుతుంది.

పెళ్లిళ్లకి పోతే ఫంక్షన్ హాల్లో జనరేటరు మనిషిని ముందే పరిచయం చేసుకో. మనకి అతనికంటే సాయం చేసేవాడు అక్కడ ఇంకొకడు ఉండడు.

కోవూరు శీను
ఓనరు గారితో మాట్లాడా. తీగ మా మీటరు నుంచే లాగుకుంటాం అనగానే సరే అన్నారు. మీటరు మెట్ల కింద ఉంది, కారు పెట్టేది గేటు పక్కన, మధ్యలో పాతిక మీటర్లు ఉంటుంది. వైరింగ్ అన్నా, 4 ఎంఎం చాలా?

వేదాయపాళెం వైరింగ్
పాతిక మీటర్లంటే 6 ఎంఎం వేసుకో, దూరం పెరిగే కొద్దీ తీగలో ఓల్టేజీ పడిపోద్ది. గోడ వెంట పైపులో లాగించు, గేటు దగ్గర సాకెట్టుకి వాన తగలని మూత పెట్టె, పిల్లలు వేలు పెట్టకుండా దానికో తాళం. కారు కొనక ముందే డిస్కంలో లోడు పెంచమని అర్జీ పెట్టు, మూడు కిలోవాట్లు అదనంగా రాయించు. రేపు ఇల్లు ఖాళీ చేస్తే తీగ, పెట్టె, ఎంసీబీ అన్నీ విప్పుకుని పోవచ్చు. ఎర్తు గుంత ఒక్కటే ఓనరు గారికి మిగులుతుంది, అది ముందే చెప్పు, ఆయన ఇంకా సంతోషిస్తాడు.